భర్తకు దూరమై తల్లిగారింట్లో ఉంటున్నాను, పిల్లల పేర్లు ఇక్కడి అంగన్‌వాడిలో ఎక్కాలంటే ఏం చేయాలి?

కందనూలు ఆడబిడ్డ

అందరికీ నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, కల్వకుర్తి దగ్గర పల్లె. నాకు ఇద్దరు పిల్లలు. పాపకు నాలుగేళ్లు, బాబుకు పద్నాలుగు నెలలు. నా భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు, అక్కడే కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఇప్పుడు ఆయన వేరే మనిషితో ఉంటున్నాడు. కిరాయి కట్టడం మానేశాడు, ఫోన్ చేస్తే ఎత్తడు. అత్తగారిది అచ్చంపేట వైపు. వాళ్ల దగ్గరికి పోతే "మీరిద్దరే తేల్చుకోండి" అని చేతులు దులుపుకున్నారు. పెద్దమనుషుల్లో పెట్టినా పంచాయితీ ఒడవలేదు. దసరా తర్వాత పిల్లల్ని తీసుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేశాను.

ఇంట్లో అమ్మ, అన్న, వదిన, వాళ్ల పిల్లలిద్దరు. అందరిదీ కూలి బతుకే. వచ్చిన కొత్తల్లో పత్తి ఏరడానికి పోయాను, ఇప్పుడు ఏ పని దొరికితే దానికి పోతున్నాను. నేను పొలానికి పోతే బాబును అమ్మ చూసుకుంటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వాడి వెంట పరుగెత్తలేదు.

నా సమస్య అంగన్‌వాడి గురించి. టీచర్ మంచిదే, ఎప్పుడూ కసురుకోలేదు. కానీ మా పేర్లు హైదరాబాద్ సెంటర్‌లో ఉన్నాయట, యాప్‌లో ఇక్కడ కొత్తగా ఎక్కడం లేదట. ఆధార్ కొట్టి చూస్తే ఓటీపీ నా భర్త నంబర్‌కు పోతోంది. అప్పట్లో ఆధార్‌కు ఆయన నంబరే ఇచ్చాం. ఓటీపీ వచ్చినా ఆయన చెప్పడు, అడగడానికి నాకూ మనసు రాదు. ఆధార్‌లో అడ్రస్ అత్తగారి ఊరిది, రేషన్ కార్డులో పేరు కూడా అక్కడే, బియ్యం మా అత్త తీసుకుంటుంది. "రేషన్ కార్డు ఈ ఊరిది లేకపోతే ఎట్లా ఇస్తారు?" అని సెంటర్ దగ్గర నలుగురు అనేసరికి నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

పాపను మాత్రం రోజూ పంపిస్తున్నాను. అన్నం పెడుతున్నారు, కాదనడం లేదు. గుడ్లు లెక్క ప్రకారం వస్తాయి కాబట్టి మిగిలిన రోజు పెడతారు, మిగలని రోజు పెట్టరు. ఇంటికొచ్చి "అమ్మా, నాకెందుకు గుడ్డు పెట్టలేదు" అని అడుగుతుంది. నాలుగేళ్ల పిల్లకు ఓటీపీ గురించి ఏం చెప్పాలి?

బాబును సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం అక్క తూచితే 7.8 కిలోలు ఉన్నాడు. "బరువు తక్కువున్నాడు, మంచిగ పెట్టు" అంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నా పాలు ఇంకా తాగుతున్నాడు. పప్పుచారు అన్నం, తైదంబలి (రాగి అంబలి) పెడుతున్నాం. మంచిగ పెట్టడం అంటే ఇంకా ఏం పెట్టాలో ఎవరైనా సరిగ్గా చెప్పండి. ఇంకొకటి, ఇంట్లో నలుగురు పిల్లలు ఉన్నప్పుడు ఏం తెచ్చినా నా ఒక్కడికే దాచి పెట్టలేను. వదిన ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు, ఆ మర్యాద పోగొట్టుకోవాలని లేదు.

ఒంటరి మహిళ పింఛను గురించి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆఫీసుకు పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, అందుకే ఏ కాగితాలు పట్టుకుని ఎక్కడికి పోవాలో ముందే తెలుసుకుందామని అడుగుతున్నాను.

దేవరకొండ టీచరమ్మ

చెల్లె, నేను నల్గొండ జిల్లా దేవరకొండ వైపు అంగన్‌వాడి టీచర్‌ను. మా సెంటర్ పరిధిలో తండాలు ఎక్కువ. నీలాగ పిల్లల్ని చంకనేసుకుని తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డలు ఏటా కనిపిస్తారు, అందుకే నీ పోస్టు చూసి ఊరుకోలేకపోయాను.

అన్నిటికంటే ముందు ఇది తెలుసుకో. అంగన్‌వాడికి రేషన్ కార్డుతో పని లేదు. ఆదాయం అడగరు, భర్త సంతకం అడగరు. 2013 ఆహార భద్రత చట్టంలోనే ఉంది, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు ఊళ్లో ఉన్న అంగన్‌వాడి ద్వారా ఉచితంగా ఆహారం అందాలని. నీ పిల్లలు ఈ రోజు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి సెంటర్ చూసుకోవాలి. ఆలోచించి చూడు, పురిటికి తల్లిగారింటికి వచ్చిన ప్రతి ఆడబిడ్డను మేం రాసుకుంటాం, ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పాలు, గుడ్డు పెడతాం. ఆమె రేషన్ కార్డూ అత్తగారి ఊళ్లోనే ఉంటుంది కదా! పురిటికి వచ్చిన ఆడబిడ్డను రాసుకున్నప్పుడు కష్టమొచ్చి పుట్టింటికి చేరిన ఆడబిడ్డను రాసుకోకపోవడం ఏం న్యాయం? సెంటర్ దగ్గర మళ్లీ ఎవరైనా కార్డు మాట ఎత్తితే ఇదే అడుగు.

ఇక మీ టీచర్ సంగతి. ఆమె ఇబ్బంది నాకు తెలుసు. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకుకు పోషణ్ ట్రాకర్ అనే మా అంగన్‌వాడి యాప్‌లో ముఖం పట్టాలి. అంటే ముందు నీ ఆధార్‌తో ఒకసారి ఈకేవైసీ కావాలి, ఆ తర్వాత సరుకు ఇచ్చిన ప్రతిసారీ నీ ముఖం ఫోన్‌లో సరిపోవాలి. అది కాకుండా ప్యాకెట్ ఇస్తే లెక్కలో ఇవ్వనట్టే కనిపిస్తుంది, పై నుంచి మమ్మల్నే అడుగుతారు. గుడ్లు కూడా నమోదైన పేర్లను బట్టే వస్తాయి. నీ పాపకు ఒక రోజు గుడ్డు పెట్టి ఒక రోజు పెట్టలేకపోతోందంటే రాని గుడ్డును ఆమె ఎక్కడి నుంచి తేవాలి? ఆమె మీద కోపం పెట్టుకోకు, ఆమెను నీ వైపు ఉంచుకో.

మొదట చేయాల్సింది నంబర్ మార్చడం. నీ పేరు మీద ఉన్న సిమ్ తీసుకుని ఆధార్ సెంటర్‌కు పో. మొబైల్ నంబర్ మార్చడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, వేలిముద్ర పెడితే చాలు, కొంచెం ఫీజు తీసుకుంటారు. మీ ఊరి పోస్ట్‌మన్‌ను కూడా అడుగు, పోస్టాఫీసు బ్యాంకు తరఫున ఇంటి దగ్గరే నంబర్ మారుస్తారు, నీకు కూలి పోదు. అడ్రస్ ఇప్పుడే మార్చాలని పట్టుబట్టకు, దానికి కాగితాలు కావాలి, నిదానంగా చూసుకోవచ్చు. బాబుకు ఇంకా ఆధార్ తీయించలేదా? పర్వాలేదు. పిల్లలకు ఆధార్ లేదని ఆపకూడదు, తల్లి ఆధార్‌తో రాయవచ్చు.

నంబర్ మారాక హైదరాబాద్‌లో మీరుండే కాలనీ పేరు, అక్కడ ఇచ్చిన ఫోన్ నంబర్ ఒక చీటీ మీద రాసి టీచర్‌కు ఇవ్వు. యాప్‌లో ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు పేరు మార్చే వీలుంది, మళ్లీ కొత్తగా ఎక్కించాల్సిన పని లేదు. కొత్తగా ఎక్కించబోతే ఆధార్ ముందే ఉందని ఆగిపోతుంది, మీ దగ్గర జరిగింది అదే అనుకుంటా. ఆమెకు చేతకాకపోతే సూపర్‌వైజర్ మేడంతో సెక్టార్ మీటింగ్‌లో చేయించుకుంటుంది. నువ్వు అడుగుతూ ఉండు. అడగకపోతే మా పనుల్లో పడి నెల ఇట్టే గడిచిపోతుంది.

పేర్లు ఎక్కితే బాబుకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్, 16 గుడ్లు. పాపకు సెంటర్‌లోనే వేడి అన్నం, చిరుతిండి, రోజూ గుడ్డు. నీకు మాత్రం ఏమీ రాదు. ఆరోగ్యలక్ష్మి భోజనం కాన్పయ్యాక ఆరు నెలల వరకే. పద్నాలుగు నెలల పిల్లోడికి పాలిస్తూ పొద్దంతా ఎండలో వంగి పని చేసే తల్లికి ఏ లెక్కలోనూ చోటు లేకపోవడం నాకు ఏనాటి నుంచో మనసులో ముల్లు. మీటింగుల్లో చెప్పాను, ఇంకా చెప్తాను. అంతవరకు నువ్వు ఒక పూట కూడా ఎగ్గొట్టకు. పిల్లలకు పెట్టి తను గంజి తాగి పడుకునే తల్లులను చాలామందిని చూశాను. నువ్వు నీరసపడితే ఆ పిల్లల్ని చూసుకునేవాళ్లు ఎవరు?

ఇప్పుడు బాబు బరువు. మా చార్టులో పద్నాలుగు నెలల మగపిల్లోడికి 10 కిలోల చుట్టూ ఉంటే బాగున్నట్టు, 8.1 కంటే తగ్గితే తక్కువ బరువు, 7.2 కంటే తగ్గితే తీవ్రమైన తక్కువ. మీ వాడు 7.8, అంటే మధ్యలో ఉన్నాడు. కంగారు పడి ఏడవాల్సిన పని లేదు, అట్లాగని వదిలేయొద్దు. టీచర్ దగ్గర జబ్బ కొలిచే టేపు ఉంటుంది, ఎడమ చేతికి భుజానికి మోచేతికి నడుమ కొలవమను. 12.5 సెంటీమీటర్లు దాటితే పచ్చ, 11.5 నుంచి 12.5 లోపు పసుపు, 11.5 కన్నా తగ్గితే ఎరుపు. పొడవు కూడా కొలిచి, పొడవుకు తగ్గ బరువు ఉందో లేదో చూడమను. లోపం బయటపడితే అలాంటి పిల్లలకని బాలామృతం ప్లస్ ఉంది, అడుగు.

ఇంకొకటి నీ చేతితో నువ్వే చూడు. బాబు రెండు పాదాల మీద బొటనవేలితో మూడు అంకెలు లెక్కపెట్టే దాకా నొక్కి వదులు. గుంట అట్లాగే ఉండిపోతే అది వాపు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపో. జబ్బ టేపు ఎరుపు చూపించి పిల్లోడు తిండి ముట్టకపోయినా, జ్వరమో విరేచనాలో ఉన్నా అంతే. అలాంటి పిల్లల కోసం పెద్దాసుపత్రుల్లో ఎన్‌ఆర్‌సీ అని పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నాయి. దాదాపు రెండు వారాలు తల్లీబిడ్డా అక్కడే ఉండాలి. తల్లికి భోజనం పెడతారు, పోయిన కూలికి కొంత డబ్బు కూడా ఇస్తారు. కూలి పోతుందని వద్దనే తల్లులు ఉన్నారు కాబట్టి ముందే చెప్తున్నాను.

తినిపించడం గురించి. అంబలి మంచిదే కానీ మీ అమ్మ పలుచగా కాస్తుందేమో చూడు. పలుచని అంబలితో పిల్లోడి చిన్న కడుపు నీళ్లతో నిండిపోతుంది, బలం చేరదు. చెంచాతో తీస్తే కిందికి కారకుండా చెంచాలోనే నిలబడాలి, అంత చిక్కగా ఉండాలి. బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర అన్నీ ఉంటాయి, మళ్లీ చక్కెర వేయొద్దు. రోజుకు వంద గ్రాములు అని లెక్క. కిరాణా కొట్టులో ఒకసారి వంద గ్రాములు తూయించి అది మీ ఇంట్లో ఏ గ్లాసుకు ఎంతవరకు వస్తుందో గుర్తు పెట్టుకో. కాచి కొంచెం ఆరిన నీళ్లలోనో పాలలోనో ముద్దగా కలిపి, రెండు మూడు సార్లుగా పెట్టు. పప్పన్నంలో ఒక చెంచా నూనో నెయ్యో వెయ్యి, వేయించిన పల్లీలు మెత్తగా పొడి చేసి కలుపు. గింజలు గింజలుగా మాత్రం ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ఈ వయసుకు రోజుకు మూడు నాలుగు సార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండు సార్లు ఏదో ఒకటి, వాటితో పాటు నీ పాలు. రెండేళ్ల దాకా పాలు మానిపించకు.

మీ వదిన సంగతికి నాకు తోచింది చెప్తాను. వాళ్ల పిల్లలు ఆరేళ్ల లోపు వాళ్లయితే వాళ్లకూ ఇదే హక్కు. పేర్లు ఉన్నాయో లేదో చూడు, లేకపోతే నీ పిల్లలతో పాటు ఎక్కించు, ముందు నువ్వే ఆ మాట ఎత్తు. బాబు బాలామృతం మాత్రం వేరే డబ్బాలో పోసి పెట్టు. తూచేటప్పుడు వదినను వెంట తీసుకుపోయి చార్టులో వాడి చుక్క ఎక్కడుందో చూపించు. కళ్లతో చూశాక ఏ ఆడది కూడా ఆ డబ్బా మీద చెయ్యి వేయదు, నువ్వు పొలంలో ఉంటే ఆమే కలిపి పెడుతుంది.

మక్తల్ నుంచి అమ్మాయి

అక్కా, నాది నారాయణపేట జిల్లా. మా ఆయన బతుకుదెరువుకని ముంబై పోయి మళ్లీ రాలేదు. ఉన్నాడో లేడో మొదట్లో తెలియలేదు, తర్వాత ఉన్నాడని తెలిసింది. అది వేరే కథ.

టీచరమ్మ చెప్పిన ఓటీపీ గోల నేనూ పడ్డాను. ఆ నంబర్ వాళ్ల చేతిలో ఉన్నంత కాలం నువ్వు ఏ ఆఫీసుకు పోయినా వాళ్ల గడప దగ్గర నిలబడి అడుక్కున్నట్టే ఉంటుంది. నంబర్ మార్చుకుని నా ఫోన్‌కే మొదటిసారి ఓటీపీ వచ్చిన రోజు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆ పని రేపు అనకుండా చేయి. బ్యాంకు ఖాతాకు ఏ నంబర్ ఉందో కూడా చూసుకో, అందులో కూడా వాళ్లదే ఉంటే ముందు ముందు పింఛను పడినా నీకు తెలియదు.

నేను పిల్లోణ్ని తీసుకుని మా అక్కతో పాటు బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయి కొన్నాళ్లు ఉన్నాను. అక్కడ మాకు భాష రాదు, కార్డు లేదు. దగ్గర్లోని అంగన్‌వాడి ఆమె ఆధార్ చూసి పిల్లోణ్ని కూర్చోబెట్టుకుంది. పరాయి రాష్ట్రంలో వాళ్లు పెట్టగా లేనిది మన ఊళ్లో మన పిల్లలకు పెట్టకపోతే ఎట్లా? అందుకే నువ్వు సిగ్గు పడకు. మొగుడు వదిలేసినదాన్ని అని అందరూ చూస్తారేమోనని నేను చాలా రోజులు సెంటర్‌కు పోలేదు, మా అమ్మను పంపేదాన్ని. ముఖం నాది పట్టాలి కాబట్టి చివరకు నేనే పోవాల్సి వచ్చింది. పోతే ఏమైంది? అక్కడ కూర్చున్న వాళ్లలో నాలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఇప్పుడు ఒకరి పిల్లల్ని ఒకరం చూసుకుంటూ పనికి పోతున్నాం.

ఒక చిన్న విషయం. నువ్వు కూలికి పోతావు కాబట్టి సరుకు ఇచ్చే రోజు ఏదో టీచర్‌ను ముందే అడిగి పెట్టుకో. ముఖం పట్టేది పొద్దున పనికి పోయే ముందు చేస్తుందేమో అడుగు. మా టీచర్ ఒప్పుకుంది. ఎండాకాలంలో గుడ్లు ఇంటికి తెచ్చాక గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి చూస్తాను, పైకి తేలింది ఉడకబెట్టను. కుళ్లినవి వస్తే పారేసి ఊరుకోకు, టీచర్‌కు చూపించు, ఆమె కూడా సరఫరా చేసేవాళ్లకు చూపించాలి కదా.

పాలమూరు పీఎల్‌వీ

నేను మహబూబ్‌నగర్‌లో న్యాయసేవా సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీర్‌గా పని చేస్తున్నాను. తిండి గురించి టీచర్ గారు బాగా చెప్పారు, మిగిలిన విషయాలు నేను చెప్తాను.

అంగన్‌వాడికి పేదరికం కార్డు అర్హత కాకూడదని సుప్రీంకోర్టు 2004 అక్టోబర్ 7న, ఆరేళ్ల లోపు పిల్లలందరికీ ఈ సేవ అందాలని 2006 డిసెంబర్ 13న ఆదేశాలిచ్చింది. మీరు ఎవరితోనూ కోర్టు మాట ఎత్తి గొడవ పడాల్సిన అవసరం రాకపోవచ్చు. టీచర్, సూపర్‌వైజర్ స్థాయిలో కదలకపోతే ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీవోకు (అంగన్‌వాడీల మీద ఉండే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) ఒక తెల్ల కాగితం మీద రాసివ్వండి, ఇచ్చినట్టు రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. రాష్ట్ర ఆహార కమిషన్‌కు కూడా రాయవచ్చు, అంగన్‌వాడి ఆహారం వాళ్ల పరిధిలోకే వస్తుంది.

ఒంటరి మహిళ పింఛను 2017లో మొదలైంది, ఇప్పుడు నెలకు రూ. 2,016. భర్త నుంచి విడిపోయిన వాళ్లకు ఏడాది దాటి ఉండాలని షరతు. మీకు దసరా నుంచి లెక్క కాబట్టి అప్పటికి సిద్ధంగా ఉండండి. పెద్దమనుషుల్లో కూర్చున్నప్పుడు రాసుకున్న కాగితం ఏదైనా ఉంటే జాగ్రత్త చేయండి, విడిగా ఉంటున్నారనడానికి అది పనికొస్తుంది. దరఖాస్తు పంచాయతీ కార్యదర్శి ద్వారా ఎంపీడీవో ఆఫీసుకు పోతుంది. కొత్త పింఛను మంజూరు కావడానికి చాలా కాలం పట్టవచ్చు, దాని మీదే ఆశ పెట్టుకుని మిగతావి ఆపకండి.

ఎక్కువ మందికి తెలియనిది ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది. భర్త చనిపోయిన, విడాకులైన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు నెలకు రూ. 4,000 చొప్పున ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి, మీకైతే నాగర్‌కర్నూల్‌లో. పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ ఆధార్, తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ తీసుకుపొండి. వాళ్లు ఇంటికి వచ్చి విచారించి కమిటీ ముందు పెడతారు. నిధులను బట్టి ఎంపిక ఉంటుంది, అందరికీ రాదు, కానీ దరఖాస్తే లేకపోతే ఎవరూ వెతుక్కుంటూ రారు. జనన ధ్రువపత్రాలు హైదరాబాద్‌లో కాన్పయి ఉంటే మీసేవలో తీసుకోవచ్చు.

చివరిది పిల్లల తండ్రి బాధ్యత. మీరు విడాకులు అడగకపోయినా మీకూ పిల్లలకూ మనోవర్తి అడగవచ్చు. దీనికున్న పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144. మీరిప్పుడు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, అచ్చంపేటకో హైదరాబాద్‌కో తిరగక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు. 15100కు ఫోన్ చేయండి, కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. కేసు వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ప్రభుత్వం ఇచ్చే గుడ్డు కోసం తల్లి ఇన్ని తిప్పలు పడుతుంటే తండ్రి మీద ఏ బరువూ లేకుండా పోవడం నాకు సరి అనిపించదు.

రేషన్ కార్డులో అత్తగారి దగ్గర పేరు తీయించి కొత్తది పెట్టుకోవడం కూడా మీసేవలోనే. మనిషికి ఆరు కిలోల చొప్పున మీ ముగ్గురికి నెలకు 18 కిలోల బియ్యం. 2025 ఏప్రిల్ నుంచి సన్న బియ్యమే ఇస్తున్నారు. అవి మీ అన్నగారింట్లో మీ చేతి మీదుగా వస్తే మీకూ కొంచెం తల ఎత్తుకున్నట్టు ఉంటుంది.

కందనూలు ఆడబిడ్డ

అక్కలకు, అందరికీ చాలా చాలా థాంక్స్. పోస్ట్‌మన్ అన్నను అడిగితే ఇంటికి వచ్చి నంబర్ మార్చి ఇచ్చాడు. అది ఎక్కడానికి కొన్ని రోజులు పట్టింది. టీచర్ సూపర్‌వైజర్ మేడంతో మాట్లాడి బాబు పేరు ఇక్కడికి మార్పించింది, నా ముఖం కూడా పట్టింది. పాప పేరు ఇంకా అక్కడే చూపిస్తోంది, ఈ సెక్టార్ మీటింగ్‌లో చేస్తామన్నారు.

జబ్బ కొలిస్తే 12.1 వచ్చింది, పసుపు. పాదాలు నొక్కి చూశాను, గుంట పడలేదు. వదినను తీసుకుపోయాను. ఆమె చిన్నోడి పేరు కూడా పుస్తకంలో లేదని అక్కడే తెలిసింది, వాణ్ని కూడా రాయించాం. ఇంటికొచ్చి ఆమె స్వయంగా డబ్బా కడిగి ఆరబెట్టింది. స్పాన్సర్‌షిప్ కోసం ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టాను. కేసు గురించి ఇంకా మనసు తేల్చుకోలేదు.

టీచరక్కా, ఒకటే డౌట్. బాలామృతం బాగానే తింటున్నాడు. గుడ్డు మాత్రం నోట్లో పెట్టగానే ఊసేస్తున్నాడు, బలవంతం చేస్తే వాంతి చేసుకుంటున్నాడు. ఏం చేయాలి?

దేవరకొండ టీచరమ్మ

పసుపులో ఉన్నాడంటే మన చేతిలో ఉన్నట్టే చెల్లె, పట్టుదలగా పెడితే తేరుకుంటాడు. గుడ్డుకు బలవంతం చేయకు, ఒకసారి భయపడితే ఇంక దాని వాసనకే మొహం తిప్పుకుంటాడు. ముందు ఇది చూడు, గుడ్డు తిన్నాక ఒంటి మీద దద్దుర్లు గానీ, పెదవులు వాచడం గానీ ఉన్నాయా? ఉంటే మానేసి డాక్టర్‌కు చూపించు. అవేమీ లేకుండా ఊసేస్తున్నాడంటే ఆ మెత్తటి తెల్లసొన నోటికి జారుతూ కొత్తగా ఉంటుంది, అంతే. మొదట ఉడికిన పచ్చసొన కొంచెం తీసుకుని పప్పన్నంలో కనపడకుండా మెదుపు, నెయ్యి చుక్క వెయ్యి. అది అలవాటయ్యాక తెల్లసొనను సన్నగా తురిమి అదే ముద్దలో కలుపు. లేకపోతే ఉల్లి, కారం లేకుండా పెనం మీద పలుచగా అట్టులా పోసి బాగా కాల్చి, వేలంత ముక్కలు చేసి వాడి చేతికే ఇయ్యి. చాలామంది పిల్లలు మనం పెడితే ఊసేసింది వాళ్ల చేత్తో అయితే తింటారు. పాపను పక్కన కూర్చోబెట్టి ఆమెకూ ఒక ముక్క పెట్టు, అక్కను చూసి తింటాడు.

పాప పేరు మీటింగ్‌లో అయ్యిందో లేదో కనుక్కో. కాకపోతే పీఎల్‌వీ సార్ చెప్పినట్టు సీడీపీవోకు కాగితం పెట్టు, మీ టీచర్‌తో చెప్పే పెట్టు, ఆమెకు కూడా అది బలమే. వచ్చే నెల బాబును తూచాక అంకె ఇక్కడ రాయి.